నలభై అంతస్తులు, లిఫ్టు లేదు

ఆదివారం మూడు గంటలకు మా అక్క వాళ్ళ భోజనాల బల్ల మీద ఒక లోకం పరుచుకుంటుంది. లోకం నాది, బల్ల బావది. బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద నాలుగు మడతలు పెట్టిన చిన్న పుస్తకం ఒకటుంటుంది: వాషింగ్ మిషను వాడే పద్ధతి. అది రాసిందీ నేనే.

"నీ రాతల్లో నలుగురికీ పనికొచ్చింది ఇదొక్కటేరా," అంటుంది అక్క. ప్రతి ఆదివారమూ అంటుంది, అప్పుడే తట్టినట్టు.

నా ఉద్యోగం అదే. మిక్సీలకీ ఇస్త్రీపెట్టెలకీ వెంట వచ్చే పుస్తకాలు రాస్తాను. తడి చేతులతో ముట్టకండి. మూత బిగించాకే మీట నొక్కండి. ఎవరూ చదవరని తెలిసినా, మనుషులు చేయగల తప్పులన్నీ ముందే ఊహించి ఒక్కొక్కదానికీ అడ్డుకట్ట వేస్తూ పదకొండేళ్ళుగా కూర్చున్నాను. అలాంటివాడు సరదాకి ఏం చేస్తాడు? ఒక గ్రహాన్ని తయారుచేస్తాడు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకడు లోకాన్ని చెబుతాడు, అది నేను. మిగతావాళ్ళు ఆ లోకంలో తిరిగే మనుషులు. "తలుపు తోస్తున్నా" అని ఎవరైనా అంటే తోసినట్టే. తెరుచుకుంటుందో లేదో పాచికలు తేలుస్తాయి. వెనకాల ఏముందో నేను చెబుతాను. వాళ్ళు ఆకాశంలో తిరిగే ఓడలో మూడు కుర్చీలు: నడిపేవాళ్ళకి ఒకటి, మరమ్మతు చేసేవాళ్ళకి ఒకటి, వైద్యం చేసేవాళ్ళకి ఒకటి. మూడూ నిండితేనే ఓడ కదులుతుంది. ఆ రూలు నేనే పెట్టాను.

అక్క బడిలో లెక్కలు చెబుతుంది, ఇక్కడ ఓడ నడుపుతుంది. బావ లిఫ్టు మెకానిక్కు. "వారమంతా చేసే చాకిరీ ఆదివారం కూడానా?" అని మరమ్మతు కుర్చీ వద్దని వైద్యుడయ్యాడు. ఎవరికి జబ్బు చేసినా ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చేయమంటాడు. దాంతో రెంచీ పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరమ్మ చేతికి వెళ్ళింది. ఓడలో ఏ గొట్టం చెడినా ఆవిడ ముందు "నొప్పి ఎప్పటి నుంచి?" అంటుంది.

నా గ్రహానికి మూడు వందల పన్నెండు పేజీలున్నాయి. అక్కడ ఒక పగలు పందొమ్మిది రోజులు సాగుతుంది. నిద్రని సీసాల్లో పట్టి దాచుకుంటారు. అబద్ధమాడినవాడి జుట్టు చెవుల దగ్గర మొదలై పచ్చబడుతుంది. ఇవన్నీ చెబుతుంటే వాళ్ళు ప్రశ్నలు వేసేవారు.

"జుట్టు పచ్చబడేటట్టయితే అందరూ గుండు కొట్టించుకోరూ?" అంది డాక్టరమ్మ ఒకసారి.

"అరవై ఏడో పేజీ," అన్నాను. "గుండు నేరం."

"పగలు అంత పొడుగైతే, నిన్న ఒంట్లో బాలేదు టీచర్ అనేవాడికి ఎన్ని రోజుల సెలవు వేయనురా?" అంది అక్క.

"నూట నలభై మూడు." చదివి వినిపించాను. బల్ల చుట్టూ నిశ్శబ్దం. దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

చిన్నప్పుడు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే నేను గదిలో కూర్చుని వాళ్ళ మాటలూ నా జవాబులూ ముందే అనుకునేవాణ్ణి. తీరా వాళ్ళు వచ్చి వేరే మాట అంటే మళ్ళీ గదిలోకి పరిగెత్తేవాణ్ణి. గ్రహం కట్టడంలో ఉన్న సుఖం అదేనేమో. అక్కడ నాకు తెలియని మాట ఎవరూ అనలేరు.

ఆ ఆదివారం డాక్టరమ్మ చేతిసంచీ భుజాన్నించి దించకుండానే కూర్చుంది.

"ఏమీ అనుకోకండి రచయితగారూ. వచ్చే వారం నుంచి బ్యాడ్మింటన్‌కి వెళ్దామనుకుంటున్నా. మీ లోకం బాగుంది. అందులో నేను చేయడానికి ఏమీ మిగల్లేదు, అంతే. ఇవాళ్టికి వచ్చా."

మూడు కుర్చీల్లోంచి ఒకటి తీస్తే ఓడ కదలదు. అక్కకీ బావకీ మరో ఆట దొరుకుతుంది, దొరక్కపోతే టీవీ ఉంది. నాకు వారంలో మనుషులతో మాట్లాడేవి ఈ మూడు గంటలే. మిగతా రోజుల్లో మాట్లాడేదంతా మూతల గురించి.

అందుకని అప్పటికప్పుడు నా దగ్గరున్న అన్నిటికన్నా గొప్పదాన్ని బయటికి తీశాను. ఆకాశంలో తేలే నలభై అంతస్తుల కోట. పైన, రెండు వందల ఏళ్ళుగా కునుకు తీయని రాణి. ఆవిడకి నిద్ర ఎందుకు పట్టదో ఇరవై ఆరు పేజీలు రాసి ఉంచాను: విషవాయువు, శాపం, మంత్రుల కుట్ర. ఓడ కింది అంతస్తులో దిగింది.

"రాణిగారు ఎక్కడ?" అంది అక్క.

"నలభయ్యో అంతస్తులో."

"లిఫ్టు బటన్ నొక్కుతున్నా," అన్నాడు బావ, ఆవలిస్తూ.

పేజీలు తిప్పాను. ఇరవై ఆరో అంతస్తులో పక్షుల గూళ్ళున్నాయి. తొమ్మిదో అంతస్తు గచ్చుకి ఏ రాయి వాడారో ఉంది. పటం తిరగేసి చూశాను. లిఫ్టు లేదు.

"మెట్లయినా ఉన్నాయా?" అంది అక్క.

మెట్లూ లేవు. కట్టేటప్పుడు నేను ఏ అంతస్తులోకి కావాలంటే ఆ అంతస్తులోకి పెన్సిలుతో దిగాను. వేరొకరు ఎక్కాల్సి వస్తుందని తోచలేదు.

బావ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నలభై అంతస్తులు కట్టి లిఫ్టు మర్చిపోయావా, బామ్మర్దీ?" తర్వాత అక్క వైపు తిరిగాడు. "మీ ఇంట్లో ఇలాంటివాడున్నాడని ముందే చెప్పాలి కదుటే!"

"చెబితే మీరు చేసుకునేవారా?"

"లిఫ్టు ఎక్కడుంది రచయితగారూ?" అంది డాక్టరమ్మ. "ఎన్నో పేజీ?"

చెవులు వేడెక్కాయి. అబద్ధం ఒకటి అల్లబోయి మానుకున్నాను.

"తెలీదు," అన్నాను.

"ఏంటీ?"

"నాకు తెలీదండీ."

డాక్టరమ్మ సంచీ భుజాన్నించి దించి కింద పెట్టింది. ఆ చప్పుడు నాకు బాగా గుర్తు. "అయితే రెండు వందల ఏళ్ళుగా ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదన్నమాట," అంది మెల్లగా. "పాపం. అది నిద్ర పట్టకపోవడం కాదు. ఎవరైనా వస్తారేమోనని మేలుకుని కూర్చుంది."

నా ఇరవై ఆరు పేజీల్లో ఆ కారణం లేదు. ఆ మాట రాణి గురించే అన్నదని నాకు నేను రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

"లిఫ్టు లేకుండా ఎవడూ నలభై అంతస్తులు కట్టడు," అన్నాడు బావ. ఆవలింత ఎటుపోయిందో. వైద్యుడి కోటులోంచి స్క్రూడ్రైవర్ తీశాననీ, గోడలు తట్టుకుంటూ పోతున్నాననీ చెప్పాడు. "ఎవడో మూసేశాడు. ఎక్కడో బోలుగా మోగాలి." పాచికలు విసిరాడు. ఆరూ ఆరూ.

"మోగింది," అన్నాను. అన్నది నేనేనా అనిపించింది.

గోడ పగలగొట్టారు. లోపల లిఫ్టు ఉంది. ఎక్కారు. మూడు అంతస్తులు వెళ్ళి గజగజ వణుకుతూ ఆగింది. తలుపులు బిగదీసుకుంది. దానికి ఎత్తంటే భయమని కనిపెట్టింది డాక్టరమ్మ.

"మీరెవరూ మాట్లాడకండి. ఇలాంటివాళ్ళు మా దగ్గరికి రోజూ వస్తారు." బల్ల అంచుని చేత్తో నిమిరింది. "ఏం చేయను నాన్నా. చూస్తానంతే. నోరు తెరు."

తలుపులు తెరుచుకున్నాయి. అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అలా బుజ్జగిస్తూ, కసురుతూ, పాచికలు విసురుతూ పైకి లాక్కెళ్ళారు. ఆరింటికి ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ మధ్య లిఫ్టు ఇరుక్కుంది.

"మూడు గంటల్లో ఇరవై రెండున్నర అంతస్తులు," అంది అక్క. "ఈ లెక్కన రాణిగారికి ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు."

"వచ్చే ఆదివారం...?" అన్నాను, ఎవరినీ చూడకుండా.

డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుంది. "బ్యాడ్మింటన్ రాకెట్ కొనేశానండీ మరి," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సోమవారం కొత్త మిక్సీ పుస్తకం మొదలుపెట్టాల్సింది. దాని బదులు లిఫ్టు చరిత్ర మొదలుపెట్టాను. గోడ ఎవరు కట్టారు, ఎన్ని ఇటుకలు, ఇరవై మూడో అంతస్తులో ఎవరుంటారు, వాళ్ళు ఏం అడుగుతారు. శనివారానికి ఏడు పేజీలయ్యాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాను.

ఆదివారం మూడయింది. మూడూ పది. బావ పాచికల్ని కప్పులో వేసి గిలకరించి మళ్ళీ బల్ల మీద పోశాడు. "పోనీ పేకాడుకుందామా?" అంది అక్క, ఎవరితోనూ కాకుండా.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ భుజాన కొత్త రాకెట్, కాళ్ళకి తెల్ల బూట్లు.

"అరగంటే ఉంటా. లిఫ్టు అక్కడే ఉందా? నేను లేకుండా ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"మీ పేషెంటుని మేమెందుకు ముట్టుకుంటామండీ?" అన్నాడు బావ.

ఆవిడ రాకెట్ గోడకి ఆనించి, కుర్చీ ముందుకి లాక్కుంది. "సరే. తలుపు సందులోంచి ఇరవై మూడో అంతస్తులోకి తొంగి చూస్తున్నా. అవతల ఏముంది?"

జేబులో కాగితాల అంచు గుండెకి గుచ్చుకుంటోంది. మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చు. మంచి వాక్యం.

"తెలీదు," అన్నాను. "మీకేం కనిపిస్తోంది?"

బావ నా మొహం చూశాడు. ఉబ్బిన జేబు చూశాడు. కళ్ళజోడు సవరించుకుని నా తల వైపు వంగాడు.

"ఏమోయ్, చెవుల పక్కన జుట్టు కాస్త పచ్చగా..."

"ష్!" అంది డాక్టరమ్మ, కళ్ళు మూసుకుని. "చూడనివ్వండి."

రాకెట్ గోడ మీంచి జారి కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.