బయట కాఫీ కొనకు

సిడ్నీలో దిగిన మా కొరియా పిల్లలు మొదటి వారంలో చేసే తప్పులన్నీ నాకు కంఠతా వచ్చు. తాళంచెవి చేతికి రాకముందే గదికి డబ్బు పంపేస్తారు. వెళ్లిపోయినవాళ్లు వదిలేసిన దిండ్లు అలమరా నిండా ఉంటే కొత్త దిండు కొనుక్కొస్తారు. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా హోటల్లో తింటారు. ఆ తర్వాత నా గుమ్మం ముందు నిలబడి, "అక్కా, ఈ వారం అద్దె కాస్త ఆగుతారా" అని నీళ్లు నములుతారు.

అందుకే మావాళ్లు ఎక్కువగా ఉండే స్ట్రాత్‌ఫీల్డ్‌ పేటలో ఫ్లాటు అద్దెకి తీసుకుని మంచాల లెక్కన వీళ్లకి ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి నాదొకటే పద్ధతి. సూట్‌కేసు కింద పెట్టగానే ముందు ఉపదేశం, తర్వాత మంచం. ముఖం మీద అందరూ మాస్టరక్క అంటారు. వెనకాల, ఎంగిలిచేత్తో కాకిని తోలదంటారు. అనుకోనివ్వండి. నా ఇంట్లో దిగి, చేతిలో పైసా లేక తిరుగు విమానం ఎక్కినవాడు ఇంతవరకూ లేడు.

దా-సోల్ చలికాలం మొదట్లో వచ్చింది. కొరియాలో మొక్పో రేవులో చేప వడలు అమ్మే ఆవిడ కూతురు. హాల్లో కర్టెన్ కట్టిన మూల మంచం ఆమెది. కోటు కూడా విప్పనివ్వకుండా నా పాఠం అందుకున్నాను.

"మొదటి సూత్రం. బయట కాఫీ కొనకు. ఇక్కడివాళ్లు నీళ్లలా తాగుతారు, వాళ్లని చూసి నువ్వూ మొదలుపెడితే వారం తిరిగేసరికి జేబు ఖాళీ."

"కొననక్కా. నేను కాఫీ పెట్టడం నేర్చుకోవడానికొచ్చాను."

బాల్కనీ గదిలో ఉండే గి-తే పకపకా నవ్వాడు. మాంసం కొట్టే ఫ్యాక్టరీలో పని వాడిది. "అయ్యో తల్లీ, మేమందరం ఏదో ఒకటి నేర్చుకోవడానికే వచ్చాం. నేను ఇంగ్లిష్ నేర్చుకుందామనొచ్చి ఎముకలు కొడుతున్నా."

నేను వాణ్ని పట్టించుకోకుండా మిగతా పాఠం చెప్పాను. కూరగాయలు సంత కట్టేసే వేళకి వెళ్లి కొను. బయోడేటాలు లైబ్రరీలో అచ్చు వేసుకో. ఒక స్టేషన్ దూరమైతే నడిచిపో. బియ్యం కొనక్కర్లేదు, మన ఇళ్ల ఆనవాయితీ ప్రకారం కుక్కర్లో అన్నం ఎప్పుడూ ఉంటుంది, కూర మాత్రం ఎవరిది వాళ్లదే. ఇక ఆఖరిదీ, అసలైనదీ: "కింద సూపు హోటల్లో మనిషి కావాలిట. రెండుపూటలా తిండి వాళ్లదే. రేపే చేరిపో."

"అక్కడికి వచ్చేదంతా మనవాళ్లే కదండీ."

"అయితే? మనవాళ్లు డబ్బులివ్వరా?"

"ఇస్తారు. దానికి నేను మొక్పోలోనే ఉండొచ్చు కదా అక్కా."

నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా నేను ఆ వీధి హోటళ్లలోనే గరిటె తిప్పుతున్నాను మరి. సరే, పిండి కొద్దీ రొట్టె అనుకుని, ఆమె దగ్గరున్న డబ్బెంతో అడిగి, మూడు వారాలకి మించి నిలవదని తేల్చాను. మూడో ఆదివారం లోపల కాఫీ పని దొరికితే సరి. లేకపోతే సోమవారం పొద్దున వచ్చే వ్యాన్ ఎక్కి ఉత్తరాన బ్లూబెర్రీ తోటలకి పోవాలి. తోటపని తప్పుడు పని కాదు. కానీ వెళ్లినవాళ్లు ఈ ఊరు తిరిగి రావడం నేను చూడలేదు. దా-సోల్ ఒప్పుకుంది. సియోల్లో ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి తిరిగి, ఈ ఏడాదిలో చేతికి ఒక్క పనైనా నేర్చుకుని వస్తానని వాళ్లమ్మకి మాటిచ్చి విమానం ఎక్కిందిట.

ఆ తర్వాత ఆ పిల్ల బతికిన తీరు చూసి నా సూత్రాలన్నీ చిన్నబోయాయి. ఫ్రిజ్‌లో ఆమె అర ఖాళీగా ఉండేది. సంతకి పోయేది కాదు. నేనేమో, పెరిగే వయసు కాకపోయినా తినే వయసే కదా, ఆకలితో ఎక్కడైనా కళ్లు తిరిగి పడితే నా పీకకి చుట్టుకుంటుందని గమనించడం మొదలుపెట్టాను. ఓ పొద్దున వంటింట్లో మాడువాసన వేసింది. చూస్తే, కుక్కర్లో మిగిలిపోయి ఎండి పసుపెక్కిన అన్నం, మేమంతా చెత్తబుట్టలో వేసే అన్నం, పెనం మీద పల్చగా అదిమి సన్నసెగన మాడుచెక్క చేస్తోంది. అరిసెలంత ముక్కలు, అంచులు బంగారంలా ఉన్నాయి.

"ఎవరు నేర్పారే?"

"నాయనమ్మ. సగం కరకరా నమిలేస్తా. మిగతా సగం ఫ్లాస్కులో వేడినీళ్లలో వేసుకుంటే మధ్యాహ్నానికి గంజి. చలికి హాయిగా ఉంటుందండీ."

ఒక ముక్క నా నోట్లో పెట్టింది. మా అమ్మ గుర్తొచ్చింది. ఆరేళ్లలో ఈ ఇంట్లో ఎంత అన్నం పారబోశానో తలుచుకుంటే సిగ్గేసింది. పిసినారితనంలో నన్ను మించినవాళ్లు లేరనుకుంటే, ఈ పిల్ల నాకు గురువు. పైకి మాత్రం, "పెనం తోమి పెట్టు" అన్నాను.

ఆ ఫ్లాస్కు సంచిలో వేసుకుని రోజూ నడిచేది. కనబడిన ప్రతి కాఫీ కొట్టులోకీ వెళ్లి వంగి దండం పెట్టి కాగితం ఇచ్చేది. ఒకరు అనుభవం లేదన్నారు, ఒకరు మాట రాదన్నారు, కొందరు అసలు తలెత్తలేదు. సాయంత్రం వచ్చి గి-తే ముందు వాళ్లందరినీ అనుకరించి చూపించి, వాడు పొట్ట పట్టుకు నవ్వుతుంటే తనూ నవ్వి, మర్నాడు ఇంకో వీధి ఎంచుకునేది. కాదన్న చోటు నుంచి నవ్వుతూ తిరిగిరావడం నాకు ఈ జన్మలో రాదు. కర్టెన్ వెనక నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేదాన్ని కూడా. గురకే వినిపించేది.

మూడో వారం ఆఖరున, ఒక స్టేషన్ అవతల కాఫీ కొట్టు నడిపే మానోలి అనే గ్రీకు ముసలాయన, ఆదివారం వచ్చి పని చేసి చూపించమన్నాడు. ఆ ఆదివారం, ఇంటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినగానే వంటింట్లోంచి వచ్చేశాను.

దా-సోల్ గుమ్మంలోనే నిలబడింది. ఒంటి మీద నల్ల ఏప్రాన్, చేతిలో కవరు.

"అయిపోయిందక్కా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. జనం బారులు తీరారు. ఒక కప్పు పగలగొట్టాను. నా టైం అవగానే డబ్బున్న ఈ కవరు చేతిలో పెట్టి, థాంక్స్ అని, వెళ్లు వెళ్లు అని చెయ్యి ఊపాడు. ఏప్రాన్ విప్పబోతే అదీ వద్దన్నాడు. అంత తొందరగా పంపించేశాడు."

కవరు వంక చూశాను. నాకు అర్థమైంది, ఆమెకి ముందే అర్థమైంది. మా దేశంలో ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకి దారిఖర్చులు కవర్లో పెట్టి, మర్యాదగా సాగనంపే కంపెనీలున్నాయి. అలాంటి కవర్లు దా-సోల్ సియోల్లో చాలా అందుకుంది. ఒక్కదాని వెనకా ఉద్యోగం రాలేదు. ఇక మా వీధి హోటళ్లలోనైతే, పని చూపించమన్న రోజుకి డబ్బిచ్చినవాణ్ని నేనెరగను. ఉంచుకోదలిచినవాడు కవరెందుకిస్తాడు?

"పోనీలే. బ్లూబెర్రీలు తియ్యగా ఉంటాయి" అన్నాడు గి-తే. వాడి మాటకి ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

దా-సోల్ ఏప్రాన్ ఉతికి హీటర్ దగ్గర ఆరేసింది. సోమవారం నేను లేచేసరికి దాన్ని ఇస్త్రీ చేసి, మడతలో కవరు పెట్టి, బూట్లు తొడుక్కుంటోంది.

"ఎక్కడికి?"

"ఆయన ఏప్రాన్ ఆయనకిచ్చేసి వస్తానండీ. కవరు కూడా. కప్పు పగలగొట్టి డబ్బెలా తీసుకోను?"

"నీకేమైనా పిచ్చా? ఏడింటికి వ్యాన్ వస్తుంది. గుడ్డముక్క కోసం వ్యాన్ వదులుకుంటావా? పోస్టులో పంపుదువుగాని."

"ఒక స్టేషన్ దూరమేగా. నడిచిపొమ్మని మీరే చెప్పారు" అని వెళ్లిపోయింది.

వ్యాన్ వచ్చింది, దా-సోల్ రాలేదు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడు. మిగతా పిల్లలు కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. సూట్‌కేసు దగ్గర గి-తేని కాపలా పెట్టి, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయలుదేరాను. దారి పొడుగునా తిట్లు సిద్ధం చేసుకున్నాను. డబ్బుండదు, బుద్ధుండదు, మర్యాద ఒక్కటే మిగిలిందీ పిల్లకి.

కొట్టు అద్దంలోంచి ముందు ఏప్రాన్ కనబడింది, ఆ తర్వాత దా-సోల్ కనబడింది. యంత్రం దగ్గర పాలు కాస్తోంది. గల్లా ముందు మనుషులు వరస కట్టి ఉన్నారు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. తెల్ల మీసాలాయన గల్లాపెట్టె దగ్గర నుంచి చూశాడు.

"నువ్వీ పిల్ల అక్కవా? అదే ముఖం, అదే కోపం."

"అక్కనే. ఈ పిల్లని నిన్న పంపించేశారు కదా?"

"పంపించెయ్యడమేంటి? ఏప్రాన్ ఇచ్చి పంపాను. పనిలోకి వద్దనుకుంటే ఏప్రాన్ ఎందుకిస్తాను?"

"మరి కవరు?"

"పని చేసింది, డబ్బిచ్చాను." అందులో అడగడానికేముందో ఆయనకి అర్థం కాలేదు. "ఇవాళ తలుపు తియ్యకముందే వచ్చి నిలబడింది. కవరు నా ముందు పెట్టి వంగి దండం పెట్టింది. తక్కువైందంటోందేమో అనుకుని ఇంకో నోటు వేశాను. అదీ తోసేసింది. ఇదెక్కడి బేరమమ్మా అనుకుని, పోయి పాలు కాయి అన్నాను."

పని చేసింది, డబ్బిచ్చాను. ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉండి, ఈ మాట ఇంత మామూలుగా అనే మనిషి ఒక్క స్టేషన్ అవతల ఉన్నాడని నాకు తెలియదు. నేను రాలేదు గనక తెలియలేదు. పోస్టులో పంపమన్నాను చూడండి, నా మాట వినుంటే ఈ పిల్ల ఈపాటికి వ్యాన్లో ఉండేది.

ఫోన్ తీసి గి-తేకి చెప్పాను: "వ్యాన్ పంపించెయ్. సూట్‌కేసు పైకి తీసుకుపో."

"నీకేం కావాలి?" అన్నాడు మానోలి. నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఏమీ వద్దని బయటికి నడవచ్చు. పర్సు తీసి నోటు ఇచ్చాను.

కాసేపటికి దా-సోల్ రెండు చేతులతో కప్పు పట్టుకుని వచ్చింది. పైన నురగలో ఆకు బొమ్మ వెయ్యబోయిందనుకుంటా, చిక్కుడుకాయలా వచ్చింది.

"అక్కా, మీరు కొన్నారా?"

"కొన్నాను."

"మరి మొదటి సూత్రం?"

"ఆ వరస చూడు, జనం ఆగి ఉన్నారు. పో."

వెళ్లింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది, కళ్లు నిండి ఉన్నాయి, నవ్వుతోంది. నేను కప్పు వంక చూస్తూ కూర్చున్నాను. కాఫీ చేదుగా ఉంది, పాలు కాస్త ఎక్కువ కాగాయి. అయినా డబ్బు పెట్టి కొన్నది కదా, చుక్క మిగల్చలేదు.