ఫోటోలో లేనివాడు

చూలై పేటలో పటాలు కట్టే యతిరాజులుకు పటాటోపం తెలియదు. గోడమీది దేవుళ్లకైనా, దేవుళ్ల దగ్గరికి వెళ్లిపోయిన తాతలకైనా నాలుగు కొయ్యబద్దలు కొట్టి అద్దం బిగించడం ఆయన పని. ఏడాదికొకసారి, ఎండాకాలంలో మాత్రం ఆ అద్దం వదిలి కెమెరా అద్దం పట్టేవాడు. చూలై తెలుగువాళ్ల విహారయాత్రా సంఘం బస్సు ఏ కొండ ఎక్కినా, ఏ లోయ దిగినా, మెడలో కెమెరాతో అందరికంటే ముందు దిగేది ఆయనే, ఆఖరున ఎక్కేదీ ఆయనే. "కొంచెం నవ్వండప్పా" అంటూ పాతికేళ్లు ఊరందరినీ నవ్వించాడు. ఆ ఊరు తనను చూసి నవ్వే రోజొకటి ఉందని మటుకు అనుకోలేదు.

ఆ రోజు కవరులో వచ్చింది. సంఘం రజతోత్సవ ఆహ్వానం. పాతికేళ్లనాటి మొదటి కొడైకెనాల్ యాత్రకు వెళ్లినవాళ్లకు శాలువాలు కప్పుతారట. కవరు మీద భార్య పేరే, 'శ్రీమతి మునెమ్మ మరియు భర్త' అని ఉంది. లోపల నున్నటి కాగితాల మీద రంగురంగుల ఆల్బమ్. మొదటి పేజీలో ఒకే ఒక పంక్తి: 'ఛాయాచిత్రాలు: ధర్మలింగం, అధ్యక్షులు.'

ఫోటోలు తీసినవాడి పేరే తీసేశారు.

యతిరాజులు కార్యదర్శికి ఫోన్ చేశాడు. కార్యదర్శి సునయన, షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం, కాకినాడ నుంచి వచ్చి రెండేళ్లు. సంఘం పాత రిజిస్టరును చెదలు చదివేశాయని, పాత గ్రూపు ఫోటోల్లో ఎవరు కనిపిస్తే వాళ్ల పేర్లే రాయమని అధ్యక్షులవారు చెప్పారని ఆ అమ్మాయి నిజాయితీగా వివరించింది.

"మీరు ఒక్క దాంట్లో కూడా లేరండి అంకుల్. మూడుసార్లు వెతికానండి," అంది.

ఆ పిల్ల తప్పేముంది? కెమెరా వెనకాల నిలబడ్డవాడు కెమెరా ముందు ఎలా దొరుకుతాడు? యతిరాజులు నేరుగా ధర్మలింగం స్టీలు సామాన్ల అంగడికి నడిచాడు. ధర్మలింగం గిన్నెల మధ్య గిన్నెలా మెరుస్తూ కూర్చున్నాడు. ఇంట్లో, అంగట్లో, గుళ్లో, ఎక్కడున్నా ఆయన ముక్కు మీద నల్లటి కూలింగ్ గ్లాసు ఉండాల్సిందే. చుట్టూ నలుగురు చేరితే చాలు, తాను చూసిన జలపాతాలు ఆయన నోట్లోంచి దూకుతాయి. అప్పుడూ దూకుతూనే ఉన్నాయి.

"ఆ ఫోటోలన్నీ తీసిందెవరప్పా?" అని యతిరాజులు అడిగాడు.

"నేనే. టైమరు పెట్టి తీసినా. నీకు గ్యాపకం లేదా రాజులూ?"

"నాకు గ్యాపకం ఉండాలంటే నేను ఆడ ఉండాల గదా," అని యతిరాజులు ఎత్తిపొడిచాడు.

"ఆమా, నేనూ అదే చెప్తా ఉండా," అన్నాడు ధర్మలింగం, చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి. "ఫోటోలో లేడంటే ఆడికి రాలేదనే గదా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గిన్నెలు కూడా నవ్వినట్టే అనిపించింది. ఆ కథలు చెప్పీ చెప్పీ ధర్మలింగం తనే నమ్మేసి ఉండవచ్చు. అయితే మాత్రం? నమ్మి అబద్ధమాడినవాణ్ణి క్షమించాలని యతిరాజులు చదివిన ఏ బళ్లోనూ చెప్పలేదు.

అప్పట్నుంచీ ఆయనకు పగలంతా పగే. కక్ష ఒక కక్ష్యలో పడి గిర్రున తిరగసాగింది. బద్దలు కోస్తూ వేలు కోసుకున్నాడు. గణపతి పటానికి లక్ష్మి అద్దం బిగించాడు. మునెమ్మ ఊరుకోక, "భర్త కోటాలో నాతో రాబ్బా, శాలువా చెరి సగం కప్పుకుందాం," అంది. ఆమె జోకు ఆయనకు షాకు కొట్టింది.

నాలుగోనాడు సునయనే మళ్లీ ఫోన్ చేసింది. ఆల్బమ్‌కు వాడిన ఫోటోలు వెలిసిపోయాయని, సభలో తెర మీద వెయ్యడానికి పనికిరావని, పటాలు కట్టే అంకుల్ దగ్గర పాత నెగటివ్‌లు ఏమైనా ఉన్నాయా అని. యతిరాజులు ఫోన్ పెట్టేసి అటక వైపు చూశాడు. అటక మీద బిస్కెట్ల డబ్బా, డబ్బాలో నెగటివ్‌లు. బాగున్నవి ప్రింటు వేసి పంచేశాడు, బాగాలేనివి దాచాడు. బాగాలేనివాటిలో సగానికి సగం ధర్మలింగం నిద్రపోతున్నవే. బస్సు దిగీ దిగగానే ఎక్కడ కాస్త నీడో, బెంచీయో కనబడితే అక్కడే కూలబడే అలవాటు ఆయనది. కళ్లను కూలింగ్ గ్లాసు దాచేది గాని, నోటికి మూత ఎక్కడిది? అప్పట్లో స్నేహం కొద్దీ ఆ ఫోటోలు ఎవరికీ చూపించలేదు.

ఇప్పుడు ఆ నెగటివ్‌లే పాజిటివ్‌గా కనిపించాయి. స్టూడియోలో ఇచ్చి కంప్యూటరుకు ఎక్కించాడు. ధర్మలింగం ఉపన్యాసం ఏ ఊరితో మొదలై ఏ ఊరి మీదుగా ఎక్కడ ఆగుతుందో ఆయనకు కంఠస్థం. ఆ వరసలోనే పేర్చి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి సునయన చేతిలో పెట్టాడు. "అధ్యక్షులు ఊరి పేరు చెప్పినప్పుడు ఒక్కొక్కటీ వెయ్ తల్లీ," అన్నాడు. ఆ నెల ఆయన నవ్వడం అదే మొదలు.

ఆదివారం సాయంత్రం కల్యాణమండపం నిండింది. ముందు వరసలో మునెమ్మ, మూడో వరసలో భర్త. ధర్మలింగం మైకు పట్టుకుని కన్యాకుమారితో మొదలెట్టాడు. సముద్రంలోంచి సూర్యుడు లేస్తుంటే తన ఒళ్లు ఎలా పులకరించిందో వర్ణించాడు. వెనక తెర వెలిగింది. సూర్యుడు లేచాడు. ధర్మలింగం లేవలేదు. రాతి బెంచీ మీద తల వెనక్కి వాల్చి, సూర్యుడికి పోటీగా గుండ్రంగా నోరు తెరిచి ఉన్నాడు.

జనం గొణిగారు. తెర వెనక ఉందిగా, ఆయనకు తెలియలేదు. అరకు లోయలో అణువణువూ చూశానన్నాడు. అరకులో ఆయన అర కూడా చూడలేదని తెర చెప్పింది. ఊటీ అందాలు చెబుతుంటే ఊట మాత్రం ఆయన నోటి మూల నుంచి కారుతోంది. కొడైకెనాల్ మంచు దగ్గరికి వచ్చేసరికి మండపం మొత్తం కడుపు పట్టుకుంది. ధర్మలింగం అనుమానంగా వెనక్కి తిరిగాడు. తిరిగి, తనను తాను చూసుకుని, కూలింగ్ గ్లాసు సర్దుకున్నాడు.

"అది నిద్ర కాదు, ధ్యానం," అన్నాడు మైకులో.

యతిరాజులు లేచి నిలబడ్డాడు. ఈ మాట కోసం నెల్లాళ్లుగా నాలుక సాన పట్టుకుంటున్నాడు.

"ధ్యానంలో ఉన్నోడివి టైమరు ఎట్ట పెట్టినావప్పా?"

నవ్వులకు ఫ్యాన్లు ఊగాయి. అవి తగ్గేదాకా ఆగి, ధర్మలింగం తాపీగా అన్నాడు: "సెరి, నేను తియ్యలేదు. ఎవరో తీసినారు. నెగటివ్‌లు నీ దగ్గర ఉంటే సరా, నువ్వే తీసినావని ఏమి రుజువు రాజులూ? చూపించు."

యతిరాజులు జేబులు తడుముకున్నాడు. పాతికేళ్లలో ఒక్కసారైనా కెమెరా ఇంకొకరి చేతికిచ్చి ఉంటే రుజువు ఉండేది. మండపం నవ్వు ఆపి ఆయన వైపు చూసింది. ధర్మలింగం పెదవి మెల్లగా సాగింది.

అప్పుడు ముందు వరసలోంచి మునెమ్మ గొంతు వినబడింది. "అమ్మా సునయనా, ఆ కూలింగ్ గ్లాసును పెద్దది చెయ్."

సునయన పెద్దది చేసింది. తెరంతా ధర్మలింగం కళ్లద్దాలు పరుచుకున్నాయి. ఒక అద్దంలో కొడైకెనాల్ కొండ, రెండో అద్దంలో ఒక సన్నటి మనిషి. తల నిండా జుట్టు, గళ్ల చొక్కా, కంటికి ఆనించిన కెమెరా, కెమెరా కింద పళ్లన్నీ కనిపించే నవ్వు.

"ఆ చొక్కా నేనే కుట్టినా," అంది మునెమ్మ.

యతిరాజులు ఆ నవ్వునే చూస్తూ నిలబడిపోయాడు. నెల్లాళ్లూ నోటి మీదే గురిపెట్టి కళ్లద్దాల సంగతే పట్టించుకోలేదు. ఇన్ని యాత్రల్లో తన ముఖం దొరికిన ఒకే ఒక్క చోటు శత్రువు ముఖం మీద.

సునయన గబగబా వచ్చి ఆయన్ను వేదిక ఎక్కించి, క్షమించమంటూ శాలువా అందించింది. ఆయన అందుకుని, విప్పి, మడతలు సరిచేసి ధర్మలింగం భుజాల మీద కప్పాడు. "ఉంచుకోప్పా. బస్సులో నిద్రపోతే చలేస్తాది," అన్నాడు.

అంతా అయ్యాక ఎప్పటిలాగే అందరూ గ్రూపు ఫోటోకు వరస కట్టారు. ఎప్పటిలాగే ఎవరో యతిరాజులు చేతికి ఫోన్ ఇచ్చారు. ఆయన దాన్ని తీసుకెళ్లి ధర్మలింగం చేతిలో పెట్టాడు.

"ఈ తూరి నువ్వు తియ్. టైమరు పెట్టేది నాకు తెలవదు గదా."

ధర్మలింగం ఫోన్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. టైమరు ఎక్కడుంటుందో ఆయనకూ తెలియదని అందరికీ తెలిసిపోయింది. చివరికి శాలువా జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తనే తీశాడు. మునెమ్మ పక్కన, సరిగ్గా మధ్యలో, యతిరాజులు కళ్లు పెద్దవి చేసి నిలబడ్డాడు.

ఆ ఫోటోకు తన అంగట్లో ఉన్నవాటిలోకల్లా మంచి కొయ్య తీసి పటం కట్టి, వచ్చేవాళ్లకు ఎదురుగా కనబడేలా తగిలించాడు. వచ్చినవాళ్లంతా రజతోత్సవం ముఖాలు ఒక్కొక్కటీ వెతికి, అధ్యక్షులవారు కనపడరేమని అడుగుతూనే ఉన్నారు. యతిరాజులు బద్దకు మేకు కొడుతూ, తల ఎత్తకుండానే ప్రతిసారీ ఒకే జవాబు చెబుతున్నాడు.

"ఫోటోలో లేడంటే ఆడికి రాలేదనే గదా."