తోక వైపు జారిన కొలతలు

పెళ్లయి ఇంకా నెల నిండలేదు. ఖగోళ పరిశీలనశాలలో మా ఇద్దరిదీ ఒకే గది. ఆఫీసులో ఒకరినొకరు ‘మీరు’ అనుకోవాలని ఒప్పందం. మా ఆయన గంభీరంగా “కాస్త ఆ ఫైలు పంపుతారా?” అన్నప్పుడల్లా నాకు నవ్వాగదు.

ఫొటోల్లో తోకచుక్క ఎక్కడుందో కొలవడం ఆయన పని. ఆ కొలతల నుంచి దాని దారి లెక్కగట్టడం నాది.

ఈసారి దారి మూసుకోలేదు. మామూలుగా అది బాగా సాగదీసిన కోడిగుడ్డులా ఉంటుంది. తోకచుక్క ఎన్నాళ్లకైనా తిరిగొస్తుంది. మూసుకోలేదంటే అది ఏ వేరే నక్షత్రం దగ్గరో పుట్టి, ఇలా వచ్చి అలా వెళ్లిపోతోందన్నమాట. డైరెక్టర్ గారి కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ సాయంత్రానికే విలేకరులను రమ్మని పిలిచేశారు.

“మీ ఇద్దరి పేర్లూ చదువుతానమ్మాయ్. ఇదే నా పెళ్లికానుక!”

ఎక్కడైనా తప్పు దొర్లిందేమోనని మధ్యాహ్నం నుంచి నాకు కాలు నిలవలేదు. నీళ్లు తాగాను. కిటికీ తెరిచాను, మూశాను. చివరికి మరో పరిశీలనశాల వాళ్ల కొలతలు తెప్పించి మావాటి పక్కన పెట్టాను. కొలతల్లో తేడాలు సహజమే, కానీ అటూ ఇటూ చెదిరి ఉండాలి. మావన్నీ ఒకే పక్కకు జారాయి. తోక వైపుకి. తోక పెరిగేకొద్దీ మరింత!

మా ఆయన్ని పిలిచాను.

“ఒకసారి ఇలా వస్తారా?”

“ఏంటి మేడమ్, టీ కావాలా?”

“కాదు. కొలిచేటప్పుడు మొత్తం వెలుగుకి మధ్యబిందువు తీసుకున్నావా?” కంగారులో ‘మీరు’ ఎగిరిపోయింది.

“అవును. లోపలున్న అసలు మంచుగడ్డ కనపడదు కదా, చుట్టూ దుమ్మేగా!”

“తోక పెరిగాక కూడానా? దాని వెలుగుతో ఆ మధ్యబిందువు తోక వైపు జరిగిపోదూ?”

తెర వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను.”

“నేనూ మా అమ్మకి చెప్పేశా.”

“ముందే చూసుకోవచ్చుగా!”

పెళ్లయ్యాక ఆయన నన్ను కసరడం అదే మొదటిసారి.

“కొలిచింది నేనా?” అన్నాను, నేనూ తగ్గకుండా.

ఆయన ఫొటోలు తెరిచి, తోకను వదిలేసి, తల దగ్గర మాత్రమే చిన్న వలయం పెట్టి మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు. ఆయన అంకెలు చదువుతుంటే నేను టైపు చేశాను. పక్క హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

డైరెక్టర్ గారు తొంగిచూశారు. “ఏం, కొత్త జంటా! తయారేనా?”

“నా కొలత తప్పింది సార్,” అన్నాడు మా ఆయన.

నేను మీట నొక్కాను. దారి మూసుకుంది.

“అంటే... మనదేనా?”

“మనదే సార్,” అన్నాను. “సూర్యుడి చుట్టూ ఎక్కడో దూరాన మంచుగడ్డల గుంపుందిగా, అక్కడి నుంచి జారింది. మళ్లీ వస్తుంది.”

“ఎప్పుడు?”

“లక్షల ఏళ్లకి.”

“అందాకా విలేకరుల్ని కూర్చోబెట్టనా?” డైరెక్టర్ గారు తల పట్టుకున్నారు. “వాళ్లకేం చెప్పమంటారయ్యా?”

మా ఆయన చొక్కా సర్దుకుని లేచాడు. “తప్పు నాది సార్. నేనే చెప్తాను.”

ఆయన గుమ్మం దాటకముందే నేనూ వెనకాలే పరుగెత్తాను.

“నువ్వెందుకమ్మాయ్?”

“లెక్క నాదిగా సార్!”