ఇరవై తొమ్మిది ఒంటి పుల్లలు

బడి వెనక గోడకీ ప్రయోగశాల కిటికీకీ మధ్య ఆరు సాళ్ళ మడి ఒకటి ఉంది. దాన్ని చూసుకునే పెద్దాయన్ని పిల్లలంతా తోట తాత అంటారు. ఆయన చదివింది రెండో తరగతి. అయితేనేం, ముప్పై ఎనిమిదేళ్ళు విత్తనాల ఫారంలో నలిగిన చెయ్యి. మొక్క నాలుగాకులు వేసిందంటే చాలు, దాని జాతకం చెప్పేసేవాడు.

ఫారంలో ఆయన పని కేళీలు ఏరడం. ఒక రకం విత్తనం కోసం వేసిన చేలో ఇంకో రకం మొక్క తలెత్తితే దాన్ని కేళీ అంటారు. కనబడ్డ చోటే వేళ్ళతో సహా పీకి అవతల పారెయ్యాలి. లేకపోతే రెండు రకాలూ కలిసి విత్తనం బెరకైపోతుంది, ఫారం పరువు గంగలో కలుస్తుంది. ఆయన కన్నుగప్పి బతికిన కేళీ లేదని అందరూ చెప్పుకునేవారు.

ఆ పేరే ఇంట్లో చిచ్చు పెట్టింది. ఒక ఏడాది ఊదాపూల చిక్కుడు చేలో తెల్లపూలు విరబూశాయి. పై అధికారి వచ్చి ఇవెక్కడివని నిలదీశాడు. ఈయన వెనకాముందూ చూడకుండా, "నా చేలో తప్పు లేదయ్యా. గోడౌన్లోనే కలిసుంటాయి" అనేశాడు. గోడౌన్లో విత్తనాల సంచులు కట్టేది ఎవరో కాదు, సొంత బావమరిది. మర్నాటి నుంచి అతన్ని విత్తనం ముట్టుకోనివ్వలేదు, బస్తాలు మొయ్యమన్నారు. ఇది జరిగి పదహారేళ్ళు. అతను ఇప్పటికీ వారానికోసారి అక్కను చూడ్డానికి వస్తాడు. బావ ఎదురుగా కూర్చుని ఉన్నా, "అక్కా, మీ ఆయన్ని కాస్త కాళ్ళు ముడుచుకోమను, దారి కావాలి" అంటాడు. అంతకుమించి మాట లేదు.

బడిలో సైన్సు టీచరమ్మ ఒక పని మొదలుపెట్టింది. తల్లిదండ్రుల పోలిక పిల్లలకు ఎలా వస్తుందో పుస్తకంలో చదివితే ఎక్కదు, కళ్ళతో చూడాలంది. మొదటి పంటలో ఊదాపూల బఠాణీకీ తెల్లపూల బఠాణీకీ పిల్లల చేత పెళ్ళి చేయించింది. పట్టకారుతో మొగ్గ విప్పి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్ది, పైన గుడ్డ కట్టించింది. ఆ గింజలు వేస్తే రెండో పంట మొత్తం ఊదాపూలే.

"తెల్లది ఓడిపోయిందమ్మా. దాని పని అయిపోయింది" అన్నాడు తాత.

"చూద్దాం తాతా" అని నవ్వి ఊరుకుందామె.

ఆ ఊదా మొక్కల గింజలే మూడో పంటకి నూట ఇరవై నాటారు. ఆరు మొలవలేదు. మొలిచిన నూట పద్నాలుగింటికీ తాత తలా ఒక ఊతపుల్ల గుచ్చాడు. "కంటికి రెప్పలా చూసుకోండి తాతా" అని టీచరమ్మ అప్పగించి వెళ్ళింది. ఆయన అలాగే చూసుకున్నాడు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

మొక్కలు జానెడు ఎదిగాక ఒక పొద్దున ఆకు మొదలు కాండానికి అతుక్కునే చోటు చూశాడు. ఊదాపూలు పూసే బఠాణీకి అక్కడ సన్నటి ఊదా ఉంగరం ఉంటుంది. కొన్నిటికి ఆ ఉంగరం లేదు. బెరకు! టీచరమ్మ గింజల డబ్బాలో ఎవరో తెల్లవి కలిపేశారు! పాపం, పిల్లల ముందు ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది? కంటికి కనబడ్డవన్నీ గుట్టుచప్పుడు కాకుండా పీకి ఎరువు కుప్ప మీద పడేశాడు. నడుం పట్టేసిందని పుల్లలు మాత్రం తియ్యలేదు.

పూలు విచ్చాయి. నోటు పుస్తకాలు పట్టుకుని తరగతి తరగతంతా వచ్చింది. ఎటు చూసినా ఊదాయే.

"అన్నీ ఒకటే రంగు కదా టీచర్! ఇంకేం లెక్కపెట్టాలి?" అంది ఒక పిల్ల. ఊరికే ప్రశ్నలు వేస్తుందని దాన్ని ప్రశ్నలపిట్ట అంటారు.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. సాలు వెంట ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. తాత ఇక ఆగలేక దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాడు. "భయపడకండమ్మా. కేళీలు వచ్చాయి, ఎవరికీ తెలియకుండా నేనే ఏరేశాను. మీ మాట పోనివ్వలేదు."

ఆవిడ అక్కడే గట్టు మీద కూలబడింది. "తాతా... మూడు పంటల నుంచి మేం ఎదురుచూస్తున్నది వాటికోసమే."

తాత తన చేతులు తనవి కానట్టు చూసుకున్నాడు.

ప్రశ్నలపిట్ట మాత్రం సాళ్ళ మధ్య దూరింది. "తాతా, ఈ పుల్లకి మొక్కేది? దీనికేది? పీకేసిన ప్రతిదానికీ పుల్ల ఉందా?"

"ఉంది. మొలిచినవాటికే గుచ్చాను. మొలవనివాటికి లేదు."

"అయితే ఒంటి పుల్లలు లెక్కపెడితే సరిపోదూ!"

పిల్లలంతా మడి మీద పడ్డారు. ఒకసారి ఇరవై ఎనిమిదన్నారు, మళ్ళీ ముప్పై అన్నారు, కొట్టుకున్నారు. చివరికి పుల్లపుల్లకీ దారం కడుతూ లెక్కేస్తే మొక్కలున్నవి ఎనభై అయిదు, ఒంటివి ఇరవై తొమ్మిది.

"నూట పద్నాలుగులో నాలుగో వంతు ఎంత?" అంది టీచరమ్మ మెల్లగా లేచి.

"ఇరవై ఎనిమిదిన్నర" అన్నారెవరో. "తెల్లవి ఇంచుమించు అన్నే రావాలి" అంది టీచరమ్మ.

"కానీ పీకినవి తెల్లపూలవేనని ఏంటి నమ్మకం?" అంది ప్రశ్నలపిట్ట, తాతనే చూస్తూ.

తాత జవాబు చెప్పకుండా ఎరువు కుప్ప దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలా మొక్కలు ఎండి గడ్డయిపోయాయి. అడుగున తడి తగిలిన చోట రెండు మాత్రం మళ్ళీ వేళ్ళు దింపుకున్నాయి. ఒకదానికి ఒక్కటంటే ఒక్కటే పువ్వు. పాలలా తెల్లగా, చెత్తలోంచి తల బయట పెట్టుకుని ఉంది. ఊదా తల్లికీ ఊదా తండ్రికీ పుట్టిన తెల్లపువ్వు. తాత మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"ఇది ఎక్కడ దాక్కుందమ్మా ఇన్నాళ్ళు?"

"దాని అమ్మానాన్నల్లోనే తాతా. ప్రతి మొక్కకీ రంగు మాట చెప్పేవి రెండుంటాయి, అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి. ఊదాది గొంతు పెద్దది. ఒక్కటున్నా దాని మాటే బయటికి వినబడుతుంది. తెల్లది నోరు మూసుకుని కూర్చుంటుంది కానీ చావదు. పిల్లకి రెండువైపుల నుంచీ తెల్లవే వచ్చాయనుకోండి, అప్పుడు దాని మాట వినబడుతుంది. నాలుగింట ఒకటి, ఇంచుమించుగా."

"మా ఇంట్లో కూడా నేను లేననుకుంటారమ్మా, మా ఆవిడ గొంతు అలాంటిది" అన్నాడు తాత. పిల్లలు పకపకా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. తెల్లపువ్వునే చూస్తూ అడిగాడు. "అంటే... ఎవరూ కలపకపోయినా చేలో తెల్లపూలు రావచ్చా?"

"రావచ్చు."

"పదహారేళ్ళ కిందట మా ఫారంలో వచ్చాయి."

"అప్పుడేం జరిగిందో నేను చెప్పలేను తాతా. చూడలేదు కదా."

"నేనూ చూడలేదమ్మా" అన్నాడు. "చూడకుండానే చెప్పాను."

ఆ వారం బావమరిది వచ్చినప్పుడు తాత గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఒరేయ్, నాతో ఒకసారి బడికి రా."

"అక్కా, మీ ఆయనకేమైంది?"

"ఏమో, మూడు రోజులుగా మెతుకు ముట్టట్లేదు. వెళ్ళరా, నీకు పుణ్యముంటుంది" అందామె.

వెళ్ళారు, పది అడుగుల ఎడంగా. మడి దగ్గర టీచరమ్మ, ప్రశ్నలపిట్ట ఉన్నారు. తాత దారం కట్టిన పుల్లలు చూపించాడు, తెల్లపువ్వు చూపించాడు, టీచరమ్మ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు. ఆఖర్న అసలు మాటకొచ్చాడు. "నువ్వు కలిపావని నేనన్నది ఒట్టి మాట. నా పేరు కాపాడుకోవడానికి నీ పేరు పోగొట్టాను."

బావమరిది వంగి ఒక ఊదా మొక్క ఆకు మొదలు తడిమాడు, పక్కదాన్ని తడిమాడు. "ఈ నిలబడ్డవాటిలో కూడా తెల్లది దాక్కుని ఉందా?" అని టీచరమ్మనడిగాడు.

"మూడింట రెండిట్లో ఉండొచ్చు. ఏ రెండిట్లోనో పైకి చూసి చెప్పలేం. ఏ మొక్క గింజలు ఆ మొక్కవిగా విడివిడిగా దాచి, వచ్చే పంటలో వేసి చూడాలి."

తాత ఎనభై అయిదు మొక్కల వైపూ చూశాడు. అన్నీ ఒకేలా ఊదాగా ఊగుతున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళు మొక్కల జాతకాలు చెప్పిన మనిషికి ఒక్కదాని లోపలేముందో తెలియలేదు.

"ఒక్క గింజ అటూ ఇటూ అయినా లెక్క పోతుంది" అన్నాడు. "ఈ సంచులు నువ్వే కట్టాలిరా. నేను ముట్టుకోను."

బావమరిది మడి చివర దాకా చూశాడు. తర్వాత తాత వైపు తిరిగాడు.

"పల్చటి గుడ్డ తేవాలి. మందంగా ఉంటే చెమ్మ పట్టి బూజొస్తుంది. ఎన్నన్నావు, ఎనభై అయిదా?"

"ఎనభై అయిదు."

"నన్ను లెక్కపెట్టుకోనీ" అని అతను మొదటి సాల్లోకి దిగాడు.