కీబోర్డు అక్కది

ఆ తోడికోడళ్లిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక మాడిన గిన్నె దగ్గర మొదలైన తగువు చిలికి చిలికి గాలివానై, ఒక వంటిల్లు రెండయింది. ఆ గిన్నె ఎవరు మాడ్చారో ఇప్పుడు గిన్నెకైనా గుర్తుందో లేదో! అన్నదమ్ములు ఒకే బట్టల కొట్లో పక్కపక్కన కూర్చుని వ్యాపారం చేసుకుంటుంటే, వీళ్లు మాత్రం ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. ముందు నోరు విప్పినవాళ్లు ఓడిపోయినట్టని ఇద్దరి లెక్కా. పంతానికి తలా తోకా ఉంటాయా?

కొట్లో బిల్లులకని కంప్యూటరు కొన్నారు. అది నేర్చుకుందామని పెద్దకోడలు లైబ్రరీలో ఆడవాళ్లకు చెప్పే తరగతిలో చేరింది. సంగతి తెలిసి చిన్నకోడలూ చేరింది. ఆమెకు కంప్యూటరు మీద మోజేమీ లేదు. అక్కకు వచ్చిన విద్య తనకు రాకపోతే ఎలా అన్నదే బాధ.

తరగతిలో మనుషులు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. పాఠం చెప్పే అమ్మాయి ఇద్దరికొకటి ఇచ్చి ఓ నియమం పెట్టింది. ఒకరు మౌస్ పట్టాలి, ఒకరు కీబోర్డు. ఒకరిది ఇంకొకరు ముట్టకూడదు. ఏం కావాలన్నా నోటితో చెప్పి చేయించుకోవాలి. ఇంటిపేరు ఒకటే కదా అని, పాపం, ముచ్చటపడి వీళ్లిద్దరినీ ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

రెండు రోజులు వాళ్ల తెర మీద ఒక్క అక్షరం పడలేదు. పక్కవాళ్లు ధరల పట్టికలు కూడా చేసేస్తుంటే చిన్నకోడలు ఉండబట్టలేకపోయింది.

“క్లిక్ చేశాను. కొట్టు,” అంది గోడకేసి చూస్తూ.

“ఎవరితో అంటున్నావు?” అంది పెద్దావిడ, తనూ గోడనే చూస్తూ.

“గోడకి చేతులున్నాయా అక్కా, కొట్టడానికి?”

పెద్దకోడలికి నవ్వాగలేదు. ఆ తర్వాత ఇద్దరి నోళ్లకూ పట్టపగ్గాల్లేవు. అక్షరం దొరక్క అక్క తడుముకుంటుంటే, “ఈలోపు కూర మాడిపోతుంది,” అనేది చిన్నది. “మాడ్చేది నువ్వు కదూ,” అనేది పెద్దది. అయితే ఆ మాటలన్నీ లైబ్రరీ మెట్ల దాకానే. ఇంటికి రాగానే ఎవరి వంటిల్లు వాళ్లది, ఎవరి మౌనం వాళ్లది. ఇవాళ ఇంట్లో కూడా పిలుద్దామని చిన్నకోడలు చాలాసార్లు అనుకుంది. ఆవిడే పిలవచ్చుగా, అని మళ్లీ అనుకుంది.

ఒకరోజు పెద్దకోడలు ఒంటి చేత్తోనే కొడుతోంది. నుదుటిన చెమట.

“ఏమైంది అక్కా, ఇవాళ మరీ నత్తనడక?”

“ఎడం చెయ్యి లాగుతోంది. ఇంటికెళ్లాక చెప్తాలే.”

“ఇంటికెళ్తే మనం మాట్లాడుకోం కదా!”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆ సాయంత్రం చిన్నకోడలు కూరలు తరుగుతుంటే గుమ్మంలో నీడ పడింది. అక్కే. తలుపు పట్టుకుని నిలబడింది. చిన్నకోడలు ఓరకంట చూసింది. తలెత్తలేదు. ముందు ఆవిడ నోట మాట రానీ, అప్పుడు చూద్దాం అనుకుంది. కత్తి మాత్రం గబగబా ఆడింది. కాసేపటికి చూస్తే గుమ్మం ఖాళీగా ఉంది.

తెల్లారి పెద్దకోడలు నిద్ర లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక, “పోనీ, నువ్వైనా ఆ తరగతి పూర్తి చెయ్యమ్మా,” అన్నారు బావగారు. మళ్లీ వెళ్లింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

“మీరే టైపు చేస్తారా?” అంది పాఠం చెప్పే అమ్మాయి మెల్లగా.

“కీబోర్డు అక్కది.”

ఆ అమ్మాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. “చెప్పండి, నేను కొడతాను.”

చిన్నకోడలు కొత్త పేజీ తెరిచింది. క్లిక్ చేసింది. బట్టల బిల్లు చెప్పాలి. తానుల ధరలు చెప్పాలి. తల తిప్పి చూస్తే పక్కన కీబోర్డు మీద రెండు చేతులు కనిపించాయి, ఆమె మాట కోసం ఆగి ఉన్నాయి.

“అక్కా,” అంది. “అక్కా, నిన్న సాయంత్రం ఏం చెబుదామని వచ్చావే?”

అక్క పోయి నెల దాటింది. ఆమెకు మాత్రం అది ఇంకా నిన్నటి సాయంత్రమే.

చెప్పింది చెప్పినట్టు కొట్టడం అలవాటైన వేళ్లు ఆ మాటలు కూడా కొట్టేశాయి. తెర మీద అవి కనబడ్డాక గానీ ఏం కొట్టిందో ఆ అమ్మాయికి తెలియలేదు. చెరిపేద్దామా వద్దా అని తోచక, తడబడుతూ అడిగింది.

“తర్వాత ఏం కొట్టమంటారు?”

చిన్నకోడలు మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“తర్వాతది నేను చెప్పేది కాదమ్మా,” అంది. “అక్క చెప్పాలి.”