నలుగురి జీతం

"నీకు జీతమేంటే, పిచ్చిదానా! కాంట్రాక్టు మనదయ్యాక కూడానా!"

మొగుడు అంకమ్మరావు అలా అనేసరికి అక్కడున్న ముగ్గురు పనివాళ్లూ ఫక్కున నవ్వారు. మెట్లు కడిగిన చెయ్యి కొంగుకి తుడుచుకుని, వాళ్లతోపాటు జీతానికి చాపిన రావమ్మ కూడా ఏం చెయ్యాలో తోచక నవ్వేసింది.

వన్ టౌన్‌లో రామకోటేశ్వరరావుగారి మూడంతస్తుల బిల్డింగు అది. కింద బట్టల కొట్లు, పైన లారీ ఆఫీసులు. బెజవాడలో ఇంకెక్కడా చోటు లేనట్టు అందరూ ఆ మెట్ల మూలల్లోనే కిళ్లీ ఉమ్ముతారు. నూలు ధర మండిపోయి పెడనలో మగ్గం మూలపడ్డాక ఈ ఊరొచ్చి, ఆ మూలలు కడిగే పనిలో ముందు చేరింది రావమ్మే. "చీపురు పట్టుకుంటావా? మన ఇంటా వంటా ఉందా?" అని మొగుడు మొహం మాడ్చుకు కూర్చున్నాడు. ఆమె తెచ్చిన బియ్యం మాత్రం శుభ్రంగా తిన్నాడులెండి.

మొదటి జీతం చేతిలో పడ్డరోజు రావమ్మ రోడ్డు మీద నిలబడి, ఎవర్నీ అడక్కుండా, నిమ్మకాయ సోడా తాగింది. ఎంత హాయనిపించిందో! చిన్నప్పుడు నాన్న మగ్గానికి, పెళ్లయ్యాక మొగుడి మగ్గానికి కండెలు చుట్టి చుట్టి వేళ్లు కాయలు కాశాయి. చీర పూర్తయ్యాక అందరూ "అంకమ్మరావు నేసిన చీర" అన్నారు. ఆమె చేతిలో ఒక్క పైసా పెట్టిన పాపాన పోలేదు.

ఈమధ్య రామకోటేశ్వరరావుగారికి విసుగొచ్చింది. ఊడ్చేవాళ్లతో, నీళ్లు పట్టేవాళ్లతో, వాచ్‌మన్‌తో విడివిడిగా పడలేక అంకమ్మరావుని పిలిపించారు. "మొత్తం బిల్డింగు నీకే అప్పజెప్తానయ్యా. నలుగురి కూలి, పైన నీ కమీషను. మంచీచెడ్డా నువ్వే చూసుకో" అన్నారు. అన్నీ తెలిసిన మనిషి పక్కనే బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెని అడగాలని ఆయనకి తోచనే లేదు. అంకమ్మరావు ఇస్త్రీ చొక్కా తొడిగి, ముగ్గుర్ని పనిలో పెట్టాడు. నాలుగో మనిషి రావమ్మ.

మొదటి నెల అందరికీ ఇచ్చి తనకి జీతం ఇవ్వలేదని ఇంటికొచ్చి అత్తతో చెప్పుకుంది.

"బాగుందమ్మా వరస! మొగుడి పనికి కూలేంటి? కండెలు చుట్టినప్పుడు ఇచ్చాడా?" అంది చౌడేశ్వరమ్మ.

రావమ్మకి ఒళ్లు మండిపోయింది. నిజమే, ఇవ్వలేదు. ఈ ముసలమ్మకి మాత్రం ఎవరిచ్చారు? ఈవిడా జీవితమంతా చుట్టిందిగా! ఆ మెట్లెక్కాక తనకంటూ ఓ పని దొరికిందని మురిసిపోయింది రావమ్మ. మొగుడు ఆ మూడంతస్తుల్నీ లాక్కొచ్చి ఆమె ఇంటిచాకిరీలో కలిపేశాడు. అంట్లు తోముతున్నంతసేపూ ఆమెకి కోపం, ఏడుపు కలిసి వస్తూనే ఉన్నాయి.

మరుసటి నెల రామకోటేశ్వరరావుగారే డబ్బు పట్టుకుని వచ్చారు. పనివాళ్లు వరసగా నిలబడ్డారు. రావమ్మ బకెట్టు కింద పెట్టి, వాళ్లకి కాస్త ఎడంగా నిలబడింది.

"నలుగురేగా?" అన్నారాయన.

"నలుగురేనండీ," అని అంకమ్మరావు రావమ్మని కూడా చేత్తో చూపించాడు.

రావమ్మ ఓ అడుగు ముందుకేసింది.

"ముగ్గురేనండీ బాబుగారూ. మా ఆయన నాకు జీతం లేదంటున్నాడుగా. నన్ను లెక్కేసి ఆయనకివ్వకండి."