ఎర్రబడిన చోట

ముప్ఫై రెండేళ్లు వార్డు సిస్టర్‌గా చేసి రిటైరయ్యాక, మా ముందుగదిలో నర్సింగ్ పిల్లలను లైసెన్సు పరీక్షకు తయారు చేస్తున్నాను. నా దగ్గర చదివినవాళ్లలో తప్పినవాళ్లు తక్కువ. అది నా తెలివి వల్ల కాదు, నా నోటి వల్ల. దానికి భయపడి చదువుతారు.

ఈసారి నా ప్రాణం తోడేసింది పెద్దక్క. తరగతిలో మిగతావాళ్లంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. ఈవిడకు నలభై మూడు. అందుకని వాళ్లు పెట్టిన పేరు అది. నా వార్డులోనే పదిహేనేళ్లు ఆయాగా చేసింది. నేను రిటైరైన ఏడాదే నర్సింగులో చేరింది. పొద్దున కాలేజీకి వెళ్తూ, మధ్యాహ్నం రెండింటి నుంచి ఆయా డ్యూటీ చేస్తూ కోర్సు పూర్తి చేసింది. లైసెన్సు పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పింది. మూడోసారే ఆఖరు. అదీ పోతే మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి. ఆ వయసు మనిషిని ఇంకోసారి ఎవరు చేర్చుకుంటారు? చేర్చుకున్నా ఆమెకు ఓపిక ఎక్కడిది?

ఆమెకు పని రాక కాదు, పరీక్ష రాయడం రాక తప్పింది. రోగికి ఊపిరాడడం లేదు, మొదట ఏం చేస్తావని అడిగితే, పక్క వార్డుకు వెళ్లి ఆక్సిజన్ సిలిండర్ అడిగి తెస్తానంటుంది. ఇచ్చిన నాలుగు జవాబుల్లో అది ఎందుకుంటుంది? నలభై మంది రోగులకు ఇద్దరు నర్సులున్న చోట ఆరితేరిన బుర్ర అది. పరీక్షలో ఉండే ఆసుపత్రి వేరని నాలుగు నెలలు మొత్తుకున్నాను. అక్కడ రోగి ఒక్కడే ఉంటాడు, సామానంతా చేతికందేలా ఉంటుంది, లిఫ్టు ఎన్నడూ చెడిపోదు. వార్డును గొడుగుతో పాటు గుమ్మం బయటే వదిలి రమ్మని రోజూ చెప్పేదాన్ని. ఆమె తల ఊపి నిజంగానే గుమ్మం వైపు చూసేది. పిల్లలు నవ్వేవాళ్లు.

పరీక్షకు పది రోజుల ముందు ఒక ప్రశ్న ఇచ్చాను. మంచం పట్టిన రోగికి నడుము కింద చర్మం ఎర్రబడింది, నర్సు ఏం చేయాలి? స్పిరిట్, పౌడరు వేసి అక్కడ బాగా రుద్ది రక్తం ఆడేలా చేయాలని నా నోట్సులో ఉంది. పెద్దక్క మాత్రం ఆ చోటు ముట్టుకోకుండా, మనిషిని పక్కకు తిప్పి, బరువు పడకుండా చూడాలని పెట్టింది. నేను ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను.

"ఇప్పుడు వార్డులో అక్కడ రుద్దనివ్వడం లేదు సిస్టరమ్మా," అంది మెల్లగా.

నాకు ఒళ్లు మండిపోయింది. నా వార్డులో ఒక్క మనిషికీ పుండు పడనివ్వలేదని, వీపులు రుద్ది రుద్ది నా అరచేతులు అరిగిపోయాయని, ఆయా పని చేసేదానివి నాకే పాఠం చెబుతావా అని నోటికొచ్చినట్టల్లా దులిపేశాను. పైగా నా జవాబును ఇరవైసార్లు రాయమన్నాను. ఆమె మూల కుర్చీలో కూర్చుని, ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఇరవైసార్లూ రాసింది. తిరిగి మాట్లాడేవాళ్లు లేకపోతే నాకు కోపం ఇంకా పెరుగుతుంది, అదొక జబ్బు.

పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి మిగతావాళ్లకు క్లాసు తీసుకుంటున్నాను. ఆ రోజు పరీక్ష పెద్దక్క ఒక్కదానికే, పదింటికి. కళ్లజోడు పిల్ల ఒకతి కొత్త పుస్తకం తెచ్చి, మన నోట్సులో ఒకచోట తేడా ఉన్నట్టుందని నసిగింది. చూపించమన్నాను. ఎర్రబడిన చోట రుద్దకూడదు, లోపల అప్పటికే దెబ్బతిన్న కండ రుద్దితే ఇంకా చితికిపోతుంది అని ఉంది. ముందు పుస్తకం మీదే అనుమానపడి, అచ్చయిన సంవత్సరం చూశాను. పోయిన ఏడాదిది. నా నోట్సు నా చేత్తో పాతికేళ్ల కిందట రాసింది. జిరాక్సుల మీద జిరాక్సులు తీసి అందరికీ పంచుతున్నాను.

వెంటనే పెద్దక్కకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. పొద్దున ఆరింటికల్లా ఫోన్ ఆపేసి ఎవరితోనూ మాట్లాడొద్దని ముందు రోజు హుకుం జారీ చేసింది నేనే. క్లాసు వదిలేసి బస్సెక్కాను. ప్రతి స్టాపులో ఆగుతుంటే డ్రైవర్‌ను దించేసి నేనే నడుపుదామన్నంత ఆత్రం. పరీక్ష భవనం చేరేసరికి పది దాటి అయిదు నిమిషాలు. లోపలికి వెళ్లి ఒక్క మాట చెప్పి వస్తానని బతిమాలాను, తర్వాత అరిచాను. వాచ్‌మన్ ఇలాంటివాళ్లను చాలామందిని చూసినట్టున్నాడు, ఎదురుగా ఉన్న బెంచీ చూపించాడు.

అక్కడ మూడు గంటలు కూర్చున్నాను. ఒక్క ప్రశ్నతో పోయేదేమీ లేదని సర్దిచెప్పుకున్నాను. కాని పోయినసారి ఆమె తప్పింది రెండే రెండు మార్కులతో. ఆ ఒక్క ప్రశ్నా రాకుండా ఉంటే చాలని వెయ్యిసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత, అంతవరకూ తోసేస్తూ వచ్చిన ఆలోచన రానే వచ్చింది. మా ఆయన చివరి నాలుగు నెలలు మంచం మీదే ఉన్నారు. నడుము కింద ఎర్రబడితే పూటపూటకూ రుద్దాను. అయినా అది పుండయింది. రుద్దింది చాలలేదనుకుని దాని చుట్టూ ఇంకా గట్టిగా రుద్దాను. ఆయన పళ్లు బిగబట్టుకుని పడుకునేవారు. ఆ రోజుల్లో డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చి ఆయన్ను తిప్పడానికి సాయం పట్టింది ఈ పెద్దక్కే.

ఒంటి గంటకు తలుపు తెరుచుకుంది. పెద్దక్క చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. అక్కడ పరీక్ష కంప్యూటర్ మీదే, ఫలితం అప్పటికప్పుడే అచ్చువేసి ఇచ్చేస్తారు. నన్ను చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"తిట్టకండి సిస్టరమ్మా. ఆ వీపు ప్రశ్న వచ్చింది. ముందు మీరు చెప్పిందే నొక్కాను. తర్వాతి ప్రశ్నకు వెళ్దామంటే మా వార్డులో ఏడో మంచం ముసలాయన కళ్లలో మెదిలాడు. చెయ్యి ఒప్పుకోలేదు, మార్చేశాను. ఇరవైసార్లు రాయించారు, అయినా మార్చేశాను." కాగితం నా చేతిలో పెట్టింది. "ఇది మీరే చూడండి. నాకు ధైర్యం చాలడం లేదు."

నేను కాగితం విప్పలేదు. ముందు చెప్పాల్సింది చెప్పకపోతే ఆ తర్వాత చెప్పనని నాకు తెలుసు, నా సంగతి నాకు తెలియనిదా.

"నువ్వు పెట్టిందే సరైనది. నా నోట్సే తప్పు," అన్నాను. ఆపుకోలేకపోయాను. "ఆయనకు కూడా నేను అలాగే..."

ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మీ చేతులు నొప్పి పుట్టినప్పుడు నేనూ రుద్దానమ్మా," అంది. "అప్పుడు అందరం రుద్దాం. అదే మంచిదన్నారు."

కళ్లు తుడుచుకుని కాగితం విప్పాను. అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. రెండుసార్లు చదివి, పాసయ్యావని చెప్పాను. ఆమె నమ్మలేదు, పైకి చదవమంది. వార్డులో మందుల వేళకు పేర్లు పిలిచినట్టు గట్టిగా చదివాను. వాచ్‌మన్ కూడా ఇటు తిరిగి చూశాడు.

పెద్దక్క కాసేపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత గడియారం చూసుకుని లేచింది. రెండింటికి డ్యూటీ ఉందట, ఏడో మంచం ఆయన్ను తిప్పే వేళయిందట. లైసెన్సు చేతికొచ్చేదాకా ఆయానే కదా అంది.

"నేనూ వస్తాను. ఇప్పుడు అక్కడ ఏమేం ఎలా చేస్తున్నారో నాకు చూపించు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఇన్నేళ్లలో నాతో మొదటిసారి పరాచికమాడింది.

"రండి. కాని సిస్టరమ్మా, గొడుగుతో పాటు ఆ నోట్సు కూడా గుమ్మం బయటే వదిలి రావాలి."